మంగవ్వ ఫియట్‌లో ఎడమ సీటు

పెర్కిట్, ఆర్మూర్
నవంబర్ 9

ముత్తెమ్మకు,

మంగవ్వ రాస్తున్నది. చేతిరాత చూసి ఈపాటికే గుర్తుపట్టి ఉంటావు. ఏడో తరగతిలో నా లెక్కలు చూసి రాసుకున్న దానివి కదా. నీ అడ్రసు మీ తమ్ముడు గంగాదాసు ఇచ్చాడు. ఇవ్వొద్దని నువ్వు చెప్పావట. వాడి నోట్లో నువ్వు గింజ నానదని నీకు తెలియదా? మంచిర్యాలలో నీ బిడ్డ మానస దగ్గర ఉంటున్నావనీ, మోకాళ్లు తప్ప అన్నీ బాగున్నాయనీ కూడా వాడే చెప్పాడు. కాబట్టి క్షేమం అడగను.

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తావు. నాతో జన్మలో మాట్లాడనని ఒట్టేసుకున్న మనిషివి. నేను బాగా ఆలోచించాను. నువ్వు మాట్లాడనన్నావు గానీ రాయనన్లేదు.

సంగతి ఏమిటంటే, ఫియట్ వెళ్లిపోతోంది. హైవే పక్కన దాబా పెట్టిన భీమ్‌రావు అడిగితే సరేనన్నాను. దిమ్మె కట్టి దాని మీద నిలబెడతాడట. ఎర్ర రంగు వేసి, బానెట్ తీసేసి, ఇంజన్ ఉండే చోట పూలమొక్కలు పెడతాడట. తినడానికి వచ్చిన వాళ్లు ఫొటోలు దిగుతారట. పసుపు తవ్వకాలు అయిపోయాక క్రేను తెచ్చి తీసుకుపోతానన్నాడు.

ఇంట్లో వాళ్లకు చెబితే ఊ అన్నారు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదనిపించి నీకు రాస్తున్నాను. ఆ బండి కొన్న రోజు గుర్తుందా? భూమి నా పేరు మీద ఉంది, మొగుడు ఇల్లరికం వచ్చాడు, అందుకని బండి కూడా నా పేరు మీదే రాయించాడు మా నాయిన. ఆర్మూర్‌లో ఆడమనిషి పేరు మీద అదే మొదటి కారు అని షోరూమ్ వాడు చెబితే, నేను కొంగు నడుముకు చుట్టుకుని ఇంకో నాలుగు అడుగులు ఎత్తు పెరిగాను. తోలడం మాత్రం మా ఆయన ధర్మయ్య పని అనుకున్నాం. ఆయన మొదటి రోజే తీసుకుపోయి వేల్పూర్ దారిలో వరి పొలంలో దింపాడు. మోకాళ్ల దాకా బురదతో ఇంటికొచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"గిది నా మాట వింటలేదే. నీ మాటైతే ఊరంత వింటది, నువ్వే చెప్పి చూడు" అన్నాడు.

లారీ డ్రైవర్ అబ్దుల్ రషీద్ నాకు నేర్పాడు. పరాయి మగాడితో ఒక్కదాన్నే బండిలో తిరిగితే ఊరు ఊరుకోదు కాబట్టి ఆయన భార్య జహీరా రోజూ వెనక సీట్లో కూర్చునేది. నెల తిరిగేసరికి రషీద్ నోరు తెరవకముందే ఆమె వెనక నుంచి క్లచ్, క్లచ్ అని అరిచేది. లైసెన్సు చేతికొచ్చిన రోజు నేను మొదట ఎక్కించుకున్నది నిన్నే.

పోకముందు ఒక్కసారి వచ్చి చూసిపో. మాట్లాడనక్కర లేదు.

మంగవ్వ


మంచిర్యాల
నవంబర్ 21

మంగవ్వకు,

నీ ఉత్తరం అందింది. దాని నిండా తప్పులే. దిద్దకుండా వదిలేస్తే అవే నిజాలనుకుంటావు కాబట్టి రాస్తున్నాను. ఇంకేమీ అనుకోకు.

లెక్కలు నేను నీవి చూసి రాయలేదు, నువ్వే నావి చూసి రాశావు. చూసి రాసి కూడా తప్పావు.

ధర్మయ్య అన్న బండిని దింపింది వరి పొలంలో కాదు, మా పసుపు చేలో. మా నాయిన కౌలుకు పట్టుకున్న మడిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా సాళ్లు తొక్కుకుంటూ పోయాడు. పాపం, దిగి నిలబడి చేతులు జోడించాడు. అందుకని ఏమీ అనలేదు.

నన్ను మొదటిసారి ఎక్కించుకున్న రోజుకు నీకు లైసెన్సు రాలేదు. గాజులు కొందాం పద అని తీసుకుపోయి, ఆర్మూర్ పోలీస్ స్టేషన్ కనపడగానే భయపడి, క్లచ్ వదిలేసి సరిగ్గా దాని ముందే బండి ఆపేశావు. జమాదారు బయటికొస్తే, నేనే దిగి "సారూ, జర తోసి పుణ్యం కట్టుకో" అంటే ఆయన తోశాడు. నువ్వు కనీసం వెనక్కి తిరిగి చూడలేదు.

పూలమొక్కలు పెట్టనిస్తావా ఆ ఇంజన్ ఉండే చోట? సిగ్గుండాలి. ఒక్కనాడు దారిలో మొరాయించని ఇంజన్ అది. చలికాలం పొద్దున చోక్ లాగితే ఒక్క దగ్గు దగ్గి లేచేది. అయినా నీ బండి నీ ఇష్టం, మధ్యలో నాకెందుకు?

నేను రాను. మోకాళ్లు.

గంగాదాసు అక్క
ముత్తెమ్మ


పెర్కిట్
డిసెంబర్ 2

ముత్తెమ్మకు,

మాట్లాడని మనిషి దగ్గర ఇన్ని మాటలున్నాయా! ధర్మయ్యకు చదివి వినిపించాను. పసుపు చేను సంగతి నిజమేనట. వరి అని ఇన్నేళ్లూ నాకు అబద్ధం చెప్పాడు. మీ చేను అని తెలిస్తే నేను తిడతానని భయపడ్డాడట. ఇప్పుడు తిట్టాను.

పోలీస్ స్టేషన్ సంగతి నువ్వు ఎత్తావు కాబట్టి ఇంకోటి నేను ఎత్తుతాను. పసుపు కాలంలో వెనక సీటు ఊడదీసి బస్తాలు వేసేవాళ్లం కదా. రెండు సీజన్లకే లోపలంతా పచ్చబడింది. కొన్నప్పుడు మీగడ రంగు బండి, తరువాత మీగడలో పసుపు కలిపినట్టయింది. శుభ్రం చేద్దామని నేను బట్టలసోడా వేసి కడిగాను. పసుపు పండించే దానికి ఆ మాత్రం తెలియొద్దా? కడిగిన చోటల్లా ఎర్రగా మరకలు. మరుసటి రోజే చెక్‌పోస్టులో ఆపారు. ఆ రోజులు ఎలాంటివో నీకు తెలుసు, ఎవరిని చూసినా అనుమానమే. కానిస్టేబుల్ తలుపు తీసి చూసి తుపాకి సర్దుకుని, ఎవని నెత్తురిది అన్నాడు. నేను స్టీరింగు వదల్లేదు. నువ్వు దిగి, ఆకు వక్క సంచిలోంచి సున్నం తీసి, బస్తా మీది పసుపు చిటికెడు తీసి, వాడి చేయి పట్టుకుని అరచేతిలో రెండూ కలిపి రుద్దావు. ఎర్రగా అయింది.

"ఇగో సారూ, ఇప్పుడు నీ చేతికి గూడ నెత్తురంటింది. ఎవర్ని సంపినవ్?" అన్నావు.

వాళ్లందరూ నవ్వి పంపేశారు. నీ అంత ధైర్యం ఉన్న ఆడదాన్ని నేను మళ్లీ చూడలేదు. ఇది ముఖస్తుతి కాదు, నీకు రాయడానికి నాకేం మొహమాటం?

ఇంత దూరం వచ్చాక ఆ రోజు గురించి రాయకుండా ఉండలేను. మార్చి నెల. ఆర్మూర్ మార్కెట్ యార్డులో నీ పసుపు కుప్ప, పక్కనే నాది. నీకు నెలలు నిండాయి, మీ ఆయన మస్కట్‌లో ఉన్నాడు. ఇంట్లో ఉండవే అంటే విన్నావా? పొద్దుటి నుంచి నొప్పులు వస్తుంటే పళ్ల బిగువున ఓర్చుకుని కుప్ప దగ్గర కూర్చున్నావు. ఖరీదుదారులు ఒక్కో కుప్పకూ వేలం పాట పాడుకుంటూ మన వరసలోకి వస్తున్నారు. అప్పుడు నీ చీర తడిసిపోవడం నేను చూశాను. దవాఖానకు పద అంటే, పాట అయ్యేదాకా కదలనని కుప్ప మీదే కూలబడ్డావు. నేను బండి కుప్ప దాకా తెచ్చి, నిన్ను ఎత్తి వెనక ఖాళీ బస్తాల మీద వేసి, తోలాను. ఆపు ఆపు అని వీపు మీద గుద్దుతూనే ఉన్నావు. నేను ఆపలేదు. దవాఖాన రాకముందే నీ బిడ్డ ఆ బస్తాల మీద పుట్టింది. పుట్టడమే ఒళ్లంతా పసుపుతో పుట్టింది.

మళ్లీ ఆ రోజు వచ్చినా నేను అదే పని చేస్తాను. క్షమించమని అడగడానికి ఈ ఉత్తరాలు రాయడం లేదు.

మంగవ్వ


మంచిర్యాల
డిసెంబర్ 19

మంగవ్వకు,

అడగొద్దు. అడిగినా ఇవ్వను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

నీ ఉత్తరంలో అంతా నువ్వే ఉన్నావు. నువ్వు చూశావు, నువ్వు ఎత్తావు, నువ్వు తోలావు. ఆ కుప్ప ఏమిటో ఒక్క మాట రాశావా? నేను రాస్తాను.

పెళ్లయ్యాక నా చేతులతో నేను వేసుకున్న మొదటి పంట అది. కౌలు భూమి. విత్తనం నేను ఏరాను, గొప్పు నేను తవ్వాను, కడుపుతో ఉండి కడాయి దగ్గర నిలబడి ఉడకబెట్టాను. ఎండలో ఎన్ని సార్లు తిరగేశానో నాకు తెలుసు. యార్డుకు తెచ్చిన రోజు ఒక ఖరీదుదారు కొమ్ము తీసి విరిచాడు. టప్‌మని విరిగింది. లోపలి రంగు చూసి, "అమ్మా, గీ యేడు దండ నీకే పడుతది" అన్నాడు. ఆ ఏడు ఎక్కువ ధర పలికిన రైతుకు యార్డులో దండ వేసి, పేరు మైకులో చదివేవాళ్లు కదా. అన్నీ మగవాళ్ల పేర్లే. నా పేరు ఆ మైకులో వినాలనుకున్నాను. మా ఆయన పేరు కాదు, నా పేరు. నీకు కూడా చెప్పలేదు. చెబితే దిష్టి తగులుతుందని.

కుప్ప దగ్గర రైతు లేకపోతే ఏమవుతుందో తెలియనట్టు రాస్తున్నావు. కమీషన్ తప్ప ఇంకేదీ పట్టని అడ్తిదారు నా కొమ్ములను ఎవరిదో నాసి రకం దుంపలతో కలిపి, అంతా ఒకటే అని తోసేశాడు. దండ దోంకేశ్వర్ నుంచి వచ్చిన ఎవరికో పడింది. దవాఖానలో నాకు తెలివి రాగానే కుప్ప సంగతి అడిగాను. బిడ్డను చూడక ముందే అడిగానని నర్సు నోటి మీద చేయి వేసుకుంది. నువ్వు తల వంచుకున్నావు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

నీకు భూమి ఉంది. చెప్పినట్టు వినే మొగుడున్నాడు. నీ పేరు మీద కారుంది. నీ కుప్ప చూసుకోవడానికి నీ మనుషులు ఉన్నారు. నాకు ఆ కుప్ప ఒక్కటే ఉంది. ఇంకో అరగంట నేను ఓర్చుకునే దాన్ని. అది నా ఒళ్లు, నా పంట. ఆగమన్నప్పుడు ఆగాల్సింది.

ముత్తెమ్మ


పెర్కిట్
జనవరి 6

ముత్తెమ్మా,

దండ సంగతి నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు. తెలిసినా బండి ఆపేదాన్ని కాదు. కానీ నీతో పాటు కూర్చుని ఏడ్చేదాన్ని. ఇన్నేళ్లూ నువ్వు డబ్బు పోయిందని కోపగించుకున్నావనుకుని, ముత్తెమ్మ ఇంత పిసినారి ఎప్పుడైంది అని నాలో నేను తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నా కుప్ప చూసుకోవడానికి మనుషులు ఉన్నారని రాశావు. ఎవరున్నారే? ధర్మయ్య ఒక్కడు ఉన్నాడు. నిన్ను బండిలో వేస్తుంటే నీ చెప్పులు కింద పడ్డాయి. బాలింతకు చెప్పులు లేకపోతే ఎట్లా అని, ఆ మహానుభావుడు చెప్పులు చేత పట్టుకుని బండి వెనక దవాఖాన దాకా పరుగెత్తాడు. కుప్పను గాలికి వదిలేశాడు. నీ కొమ్ములు ఎవరి దుంపలతో కలిశాయని అడిగావా? నావే. రెండు కుప్పలూ దిక్కులేకుండా పక్కపక్కన ఉంటే అడ్తిదారు పారలతో ఒకటి చేశాడు. నా దుంపలు నాసివన్నందుకు మాత్రం నేను ఒప్పుకోను.

నీకు అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, చెబితే నీ కాన్పుకు నేను ఖరీదు కట్టినట్టుంటుందని. తరువాత చెబుదామంటే నువ్వు మొహం తిప్పుకున్నావు. మొహం తిప్పుకున్న దాని వెనక పడి చెప్పే అలవాటు నాకు లేదు.

ఇంకో సంగతి కూడా దాచాను. బండి ఎందుకు ఇచ్చేస్తున్నానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నాకు చెవులు పోతున్నాయి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మిషన్ పెడితే వినపడుతుంది, అదీ ఎంతకాలమో నిజామాబాద్ డాక్టర్ చెప్పలేకపోయాడు. మొన్న వానాకాలంలో హైవే మీద లారీ వాడు హారన్ కొడుతూనే ఉన్నాడట, నాకు తెలియలేదు. అద్దంలో చూసి చివరి నిమిషంలో పక్కకు తీశాను. ఇంటికొచ్చి తాళం చెవి మేకుకు తగిలించాను. ఇప్పుడు ఎప్పుడైనా పెర్కిట్ సందుల్లో మెల్లగా తిప్పుతాను, అంతే.

సూటిగా చెబుతున్నాను, నాకు సిగ్గు లేదు. చూసిపొమ్మని రాశాను గానీ నాకు కావలసింది అది కాదు. ఈ ఒక్క చెవి పనిచేస్తుండగానే నీ గొంతు వినాలి. తిట్టినా సరే. ఇది కూడా పోయాక నువ్వు వచ్చి గంటలు గంటలు మాట్లాడినా నాకు పెదవులే కనపడతాయి.

మంగవ్వ


మంచిర్యాల
జనవరి 17

మంగవ్వా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. మానస ఏమైందని అడిగితే గ్యాస్ అన్నాను.

ధర్మయ్య అన్న నా చెప్పులు తెచ్చాడా? మంచం కింద ఉంటే ఎవరో ఆయమ్మ పెట్టిందనుకున్నాను. వాటినే రెండేళ్లు తొడుక్కున్నాను.

నువ్వు దాచింది చెప్పావు, నేను కూడా చెబుతాను. నా కోపం ఎప్పుడో చల్లారింది. మానసకు పళ్లు వచ్చే నాటికే చల్లారింది. గంగాదాసు పెళ్లిలో నువ్వు పందిరి గుంజ దగ్గర నిలబడి ఉంటే, నేను వంటల దగ్గర నుంచి నిన్నే చూశాను. నువ్వు నల్లంచు పచ్చచీర కట్టుకున్నావు. నీ దగ్గరికి రెండు అడుగులు వేసి మళ్లీ వెనక్కి పోయాను.

ఎందుకంటే నేను వేసుకున్నది ఉత్త ఒట్టు కాదు. ఆ రోజు దవాఖానలో నువ్వు బయటికి వెళ్లాక, బిడ్డను తెచ్చి పక్కలో వేశారు. దాని నెత్తి మీద చేయి పెట్టి, మంగవ్వతో మాట్లాడితే ఆ కీడు దీని మీద పడాలని అన్నాను. నోటి నుంచి వచ్చేసింది. ఆ నిమిషం ఎలాంటి నోరో అది. ఒక్కగానొక్క బిడ్డ. దానికి జ్వరం వచ్చినప్పుడల్లా, నిద్రలో నీతో ఏమైనా మాట్లాడానా అని భయపడ్డాను. ఆ తరువాత మంచిర్యాలకు మారినప్పుడు నాకు సంతోషం కూడా వేసింది. నువ్వు ఎదురుపడవు కదా అని.

ఈ సంగతి మానసకు తెలియదు. అది కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఇలాంటివి దానితో ఏం చెప్పను?

నీ చెవి మీద నాకు ఎంత ఆశ ఉన్నా, నా బిడ్డ నెత్తి మీద నుంచి చేయి తీయలేను. నన్ను తిట్టుకో.

ముత్తెమ్మ


పెర్కిట్
జనవరి 25

ముత్తెమ్మా,

నిన్ను తిట్టుకోను. కానీ నీ తెలివికి దండం పెడతాను. పసుపులో తడి ఎంతో చేత్తో తాకి చెప్పగలవు, పోలీసు చేతిలో నెత్తురు పుట్టించగలవు, ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం మాత్రం రాలేదు నీకు!

ఒట్టు ఎవరి నెత్తి మీద ఉందో, తీసే హక్కు కూడా వాళ్లదే. నీది కాదు, నాది కాదు. మా అమ్మ మా నాయిన నెత్తి మీద ఎన్ని ఒట్లు పెట్టిందో, ఆయన అన్నీ తీసి గట్టు మీద పెట్టి హాయిగా కల్లు తాగి నిండు నూరేళ్లు బతికాడు. మానసకు చెప్పు. చంటిపిల్ల అనుకుంటున్నావా? దాని నెత్తి ఇప్పుడు గట్టిపడింది. చదువుకున్నది నవ్వుతుందని నీ భయం. నవ్వితే నవ్వనీ. నేనైతే దాన్ని ఆ బస్తాల మీద చూసిన మొదటి మనిషిని. నీ కంటే ముందు నేనే చూశాను. ఆ చనువుతో చెబుతున్నాను, అది నీకు ధైర్యం చెబుతుంది.

భీమ్‌రావు దిమ్మె కట్టించాడు. రంగు కూడా తెచ్చిపెట్టుకున్నాడు. తవ్వకాలు ఇంకా కాలేదని చెప్పి ఆపాను. నావి ఇంకా రెండు మడులు ఉన్నాయి, నెమ్మదిగా తవ్విస్తాను.

మంగవ్వ


మంచిర్యాల
ఫిబ్రవరి 11

మంగవ్వా,

చెప్పాను. చెప్పడానికి ఇన్ని రోజులు పట్టింది.

మానస నవ్వలేదు. కోపం చేసింది. వంటింట్లో గిన్నె కింద పెట్టి, "గిన్నేండ్ల సంది నా నెత్తి మీద గింత బరువు పెట్టి, నాకు ఒక్క మాట చెప్పకపోతివా అమ్మా?" అంది. నాకోసమని నువ్వు దోస్తును పోగొట్టుకుంటే ఆ పాపం నాకు కాదా అని అడిగింది. తరువాత నా చేయి తీసి తన నెత్తి మీద పెట్టుకుంది. మళ్లీ తనే పైకి లేపి, పెరటి గోడ దాకా నడిపించుకుపోయి, గోడ గట్టు మీద ఆ చేతిని ఆనించింది.

"నా నెత్తి, నా ఇష్టం. తీసి గట్టు మీద పెట్టిన. ఇగ నువ్వు మాట్లాడు, మాట్లాడకపో. నా మీదికెళ్లి ఆపకు" అంది.

దానికి సులువే. ఇన్నేళ్ల భయం ఒక్క గోడకు ఆనిస్తే పోతుందా? కానీ దాని మాట కాదనలేక వస్తున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం ఇద్దరం వస్తాం. బండి ఎక్కుతాను. నోరు తెరుస్తానని మాత్రం మాట ఇవ్వను. తెరుచుకుంటే తెరుచుకుంటుంది, లేకపోతే లేదు.

ముత్తెమ్మ


పెర్కిట్
మార్చి 4

ముత్తెమ్మా,

ధర్మయ్య నిన్న రాత్రి అన్నం దగ్గర కూర్చుని చెప్పిన మాటకు కంచం వదిలి లేచాను. అందుకే వెంటనే రాస్తున్నాను.

ఆదివారం నువ్వు ఆటో దిగి, వాకిట్లో బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చేత్తో డిక్కీ తడిమి, ఏమీ అనకుండా ముందు సీట్లో నా పక్కన కూర్చున్నావు. నేను చోక్ లాగాను. మానస వెనక కూర్చుంది. తను పుట్టిన చోటే కదా, అటూ ఇటూ జరిగి చూసుకుని మురిసిపోయింది. సందుల్లోంచి మెల్లగా యార్డు దాకా తోలాను. గేటు దగ్గర తిప్పుకుని మళ్లీ ఇంటికి తెచ్చాను. దారి పొడుగునా నీ మొహం చూద్దామంటే రోడ్డు మీద నుంచి కళ్లు తీయలేను. నువ్వు ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి టీ తాగావు, కప్పు గట్టిగా కింద పెట్టావు, వెళ్లిపోయావు. దాని మనసు ఇంతే, నా రాత ఇంతే అనుకుని తలుపు వేసుకున్నాను.

ఇప్పుడు ధర్మయ్య చెబుతాడూ, బస్సు ఎక్కబోతూ మానస అడిగిందట. యార్డు గేటు దగ్గర మలుపు తిరుగుతున్నప్పుడు మా అమ్మ ఏదో అంది, పెద్దమ్మ ఏమీ పలకలేదు, కోపమా అని. ఇంజన్ చప్పుడుకు ఆ పిల్లకు మాట వినపడలేదట, పెదవులు కదలడం అద్దంలో చూసిందట.

ముత్తెమ్మా, నేను కుడి పక్క కూర్చుని తోలుతున్నాను. నువ్వు నా ఎడమ పక్క ఉన్నావు. చచ్చిన చెవి వైపు. ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూసి, తీరా నువ్వు మాట్లాడినప్పుడు నేను గేరు మారుస్తున్నాను.

నేను పలకకపోవడం కాదు, నాకు వినపడలేదు. నా మీద ఒట్టు అనాలనుంది గానీ ఇంక ఈ జన్మకు ఒట్లు చాలు. ఏమన్నావే? రాయి. ఒక్క ముక్క అయినా సరే, ఉన్నదున్నట్టు రాయి. భీమ్‌రావు ఈ నెలాఖరుకు క్రేను తెస్తానని కూర్చున్నాడు. బండి పోతే పోయింది, ఆ మాట మాత్రం నాకు కావాలి.

మంగవ్వ


మంచిర్యాల
మార్చి 9

మంగవ్వా,

రాయను.

నువ్వు విని కూడా పలకలేదనుకున్నాను. ఆ కోపంలోనే నీ ఇంట్లో టీ తాగాను. చక్కెర ఎక్కువైందని చెప్పాలనుకుని కూడా చెప్పలేదు. బస్సులో మంచిర్యాల దాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నీ ఎడమ చెవి పోయిందని నువ్వు రాసే ఉన్నావు. చదివాను, ఏడ్చాను, తీరా పక్కన కూర్చున్నప్పుడు మరిచిపోయాను. ఇద్దరం ఇద్దరమే.

ఆ మాట అనడానికి పెరటి గోడ నుంచి యార్డు గేటు దాకా గుండె చిక్కబట్టుకుని వచ్చాను. అది కాగితం మీద పెట్టే మాట కాదు. రాయడం నాకు ఎప్పుడూ చేతనైంది. చేతకానిది చెప్పడం. కాబట్టి చెబుతాను.

అయితే ఒకటి ఆలోచించాను. నువ్వు స్టీరింగు పట్టుకుంటే నా వైపు ఉండేది ఎప్పుడూ నీ చెడ్డ చెవే. నువ్వు ఎడమ సీట్లో కూర్చుంటే మంచి చెవి నా వైపు ఉంటుంది. అంటే స్టీరింగు నేను పట్టుకోవాలి. నేర్పు. యార్డు మైదానం ఆదివారాలు ఖాళీగానే ఉంటుంది. నాకు అరవై దాటాయని, మోకాళ్లని సాకు చెప్పకు. నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. హారన్లు నేను వింటాను, గేర్లు నువ్వు చెప్పు. మానసకు చెబితే, లైసెన్సు కాగితాలు తానే నింపుతానంది.

భీమ్‌రావుకు ఇంకో బండి చూసుకోమను. ఆ దిమ్మె మీద వాడే ఎక్కి నిలబడినా నాకు అభ్యంతరం లేదు.

శనివారం సాయంత్రం బస్సుకు దిగుతాను. నీ దగ్గరే పడుకుంటాను. పొద్దున లేవగానే నువ్వు ఎడమ పక్కన కూర్చో, మిషన్ పెట్టుకో. యార్డు గేటు దగ్గర అన్న మాటే మళ్లీ అంటాను. వినపడకపోతే ఇంకోసారి అడుగు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెబుతాను.

నీ దోస్తు
ముత్తెమ్మ